నార్బర్ట్ డ్రమ్మూ లవర్న్ ట్రాక్టరూ

నార్బర్ట్ కులిష్ డ్రమ్ దళానికి రాజీనామా చేయడం బ్రిగ్స్ హార్బర్‌లో ఎవరికీ పెద్ద వార్త కాదు. జీవితంలో చాలాసార్లు చేశాడు, ప్రతిసారీ అదే ఆఖరిసారి. మళ్లీ ఆదివారం వచ్చేసరికి కర్రలు తొడమీద ఆడించుకుంటూ తన కుర్చీలోనే కనిపించేవాడు. "ఏం నార్బ్, వెళ్లిపోయావన్నారు?" అని ఎవరైనా అడిగితే, "వెళ్లాను. నేను లేకుండా మీరెంత ఘోరంగా వాయిస్తారో విని పోదామని వచ్చాను" అనేవాడు.

అసలు అతను ఆ దళంలో చేరిందే ఒక శిక్షగా. పదకొండేళ్లప్పుడు నార్బర్ట్ సెయింట్ హెడ్విగ్ చర్చిలో పూజ వేళ చిరుగంట మోగించే పని చూసేవాడు. మూడుసార్లు మోగించి ఊరుకోవాలి. ఒక ఆదివారం మూడూ అయ్యాక వాడి చెయ్యి ఊరుకోలేదు. మధ్యలో రెండు పొట్టి దెబ్బలు, చివర ఒక విసురు కలిపి మళ్లీ మొదలెట్టాడు. వెనక బెంచీల్లో పోలిష్ ముసలమ్మలు తలలూపారు. ఫాదర్ మాత్రం ఊపలేదు. పూజ కాగానే చెవి పట్టుకుని నేలమాళిగలోకి దింపి, అక్కడ డ్రమ్ములు నేర్పే ఆర్విన్ స్టెంప్‌కి అప్పగించాడు.

"వీణ్ణి నువ్వు తీసుకో ఆర్విన్. వీడికి దేవుడి మీద కంటే గంట మీద భక్తి ఎక్కువ."

స్టెంప్ పాత సైనికుడు. ఎడమ చెవిని ఫిరంగుల దగ్గర పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క చెవితోనే, పదిమంది వరసగా వాయిస్తుంటే అందులో ఎవడి ఎడమచెయ్యి బద్ధకిస్తోందో పట్టేసేవాడు. మొదటి ఏడాది నార్బర్ట్‌ని అసలు డ్రమ్ముని ముట్టుకోనివ్వలేదు. రబ్బరు దిమ్మ మీదే సాధన. ఇంట్లో రబ్బరు దిమ్మ లేదు గనక బల్లమీద, మెట్లమీద, స్నానాల తొట్టి అంచుమీద, నిద్రపోతున్న తమ్ముడి వీపుమీద సాధన.

"డ్రమ్మును కొట్టకురా" అనేవాడు స్టెంప్. "కర్రను వదులు. పడ్డది తనే లేస్తుంది. నువ్వు దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు."

అప్పట్లో డ్రమ్ములకి దూడతోలు మూతలుండేవి. నార్బర్ట్ తండ్రి ఊళ్లో తోళ్ల కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ ఇంట్లో బట్టలకీ, రొట్టెకీ, ఆఖరికి క్రిస్మస్ చెట్టుకి కూడా ఆ వాసనే. అందుకని తోలు విషయంలో నార్బర్ట్ తనని తాను ఇంటిమనిషిగా లెక్కేసుకునేవాడు. వాన చినుకు పడితే తోలు ఎలా వేలాడిపోతుందో, దాన్ని ఎంత దూరంలో పొయ్యి సెగకి పెడితే మళ్లీ బిగుస్తుందో వాడికి తెలుసు. పదిహేనో ఏట స్టెంప్ ఒకరోజు తెల్లటి ప్లాస్టిక్ మూతలు పట్టుకొచ్చాడు. నార్బర్ట్ కర్రలు కింద పెట్టేశాడు.

"ఏంటి సార్ ఇది? బిస్కెట్ డబ్బా మూతా?"

"ఇక నుంచి ఇదే."

"మా నాన్న పొట్ట కొడుతున్నారు సార్ మీరు."

"మీ నాన్న పొట్ట తర్వాత కొడదాం గానీ, ముందు దీన్ని కొట్టి చూడు."

వాడు చూడలేదు. శాశ్వతంగా తప్పుకుంటున్నానని చెప్పి, ఎడ్లబండి దిగిన పెళ్లికొడుకులా మెడ నిలబెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ వారాంతంలో ఊరేగింపుకి జోరున వాన. పక్క ఊళ్ల దళాల తోలు డ్రమ్ములన్నీ తడిసిన దిండ్లలా ధప్ ధప్‌మంటుంటే, బ్రిగ్స్ హార్బర్ పిల్లల డ్రమ్ములు మాత్రం వేయించిన బఠాణీల్లా చిటపటలాడుతూ పోయాయి. కాలిబాట మీద గొడుగు కింద నిలబడి అది విన్నవాడు మంగళవారానికి మళ్లీ నేలమాళిగలో ఉన్నాడు. స్టెంప్ కర్రలు చేతికిచ్చాడంతే.

లవర్న్ కథలోకి రావడానికి కారణం ఒక బూటు.

ఆ రోజుల్లో పోటీల్లో న్యాయనిర్ణేతలు మైదానంలోకే దిగిపోయేవారు. చేతిలో అట్ట, పెన్సిలు పట్టుకుని, డ్రమ్మర్ల ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, వంగి, చెవి డ్రమ్ముకి ఆనేంత దగ్గరగా పెట్టేవారు. ఒక్క దెబ్బ పక్కకి జారితే ఒక టిక్కు. ప్రతి టిక్కుకీ మార్కులో పదోవంతు కోత. వాయిద్యంలోనే కాదు, గుండీ ఊడి నేలమీద పడ్డా, టోపీ మీది ఈక రాలినా కోతే. జూలై ఎండలో ఉన్ని కోట్లు వేసుకుని, కళ్లలోకి చెమట కారుతున్నా రెప్ప కొట్టకుండా నిలబడే పిల్లలు వాళ్లు.

ఆ ఏడు రాష్ట్రపోటీ ముందు రెండు రోజులు వాన కురిసి మైదానం బురదగుంటయ్యింది. నార్బర్ట్‌కి అప్పుడు పద్దెనిమిది. చిటపటలాడే చిన్న డ్రమ్ములు, అంటే స్నేర్ డ్రమ్ముల వరసలో మొదటివాడు. మలుపు తిరిగేటప్పుడు కుడి బూటుని బురద పట్టుకుంది. కాలు వచ్చింది, బూటు రాలేదు. వెనకనున్న వాళ్లు ఒకరి తర్వాత ఒకరు దానిమీదే అడుగేసి దాన్ని పాతాళానికి పంపేశారు. నార్బర్ట్ తెల్లమేజోడుతో మిగతా ప్రదర్శనంతా పూర్తి చేశాడు. రెండు నిమిషాల్లో ఆ మేజోడు బూటు రంగుకి వచ్చేసింది గనక జడ్జికి అనుమానం రాలేదు. వాళ్ల దళం హార్బర్ గార్డ్స్ మొదటి బహుమతి కొట్టింది. రెండో స్థానం సిల్వర్ లార్క్స్ అనే అందరూ అమ్మాయిలే ఉన్న దళానిది. తేడా మార్కులో పదోవంతు.

సంబరాల మధ్య, బస్సు మెట్లమీద కూర్చుని కాలు తుడుచుకుంటున్న నార్బర్ట్ ముందుకి ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. సిల్వర్ లార్క్స్‌లో పొట్టకి కట్టుకునే పెద్ద బాస్ డ్రమ్ము వాయించే లవర్న్ హోపె. నీలం స్కర్టు, మోకాళ్లదాకా బురద, చేతిలో ఇంకా పెద్ద బురదముద్ద.

"ఇది నీదేనా?"

"ఏంటది?"

"మా మొదటి బహుమతి. కుడికాలిది."

నార్బర్ట్ చేతిలో గుడ్డ ఆగింది. "జడ్జికిచ్చావా?"

"ఇద్దామనే తవ్వి తీశాను. దగ్గరికెళ్తే 'పాపా, నిమ్మరసం అటువైపు ఇస్తున్నారు' అన్నాడు. అలాంటివాడికి నేనెందుకిస్తాను?" అని బూటు వాడి ఒళ్లో పడేసింది. "కానీ నువ్వు నాకు పదోవంతు బాకీ. గుర్తుపెట్టుకో."

అతను మర్చిపోకుండా ఆమె చూసుకుంది. మూడేళ్ల తర్వాత బౌలింగ్ హాలు వెనక గదిలో పోల్కా వాయిద్యాల మధ్య పెళ్లయ్యింది. అప్పటినుంచి ఆఖరి సాసేజ్ ముక్క ఎవరిదన్న వాదన వచ్చినా, మంచు ఎవరు తియ్యాలన్న వాదన వచ్చినా లవర్న్ వేలెత్తి "పదోవంతు" అనేది. వాదన అక్కడితో సరి.

తండ్రి పోయాక నార్బర్ట్ అదే కార్ఖానాలో చేరాడు. అది కుర్రాళ్ల దళం, వయసు దాటిపోయింది గనక వాయించడం ఆపి, నేర్పడం మొదలెట్టాడు. అక్కణ్ణుంచి ప్రపంచం అతని మీద కక్షగట్టినట్టు మారుతూ వచ్చింది. ముందు డ్రమ్ముల వరసలోకి ఆడపిల్లల్ని తీసుకోవాలన్నారు. నార్బర్ట్ రాజీనామా చేశాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, లవర్న్ బంగాళాదుంపలు చెక్కుతూ తలెత్తకుండా, "అయితే ఒక చోటు ఖాళీ అయినట్టేగా. నేను వెళ్లి బాస్ డ్రమ్ములు నేర్పుతాను" అంది. అన్నట్టే వెళ్లింది. నెల తిరక్కుండా బాస్ డ్రమ్ముల వరస మొత్తం దళానికి వెన్నెముకయ్యింది. నార్బర్ట్ తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు పక్కనే నిలబడి స్నేర్ డ్రమ్ములు నేర్పాడు.

తర్వాత డ్రమ్ముని భుజాన వేలాడదీసే తోలుపట్టీ పోయి, ఛాతీకి బిగించే లోహపు చట్రం వచ్చింది. "డ్రమ్ము తొడమీద ఊగితేనే అడుగు తెలుస్తుంది. ఇదేంటి, టీ ట్రే మోస్తున్నట్టు!" రాజీనామా. దళంలోని బ్యూగిల్ బాకాలకి మీటలు పెట్టారు. డ్రమ్ముతో సంబంధం లేకపోయినా రాజీనామా. ఒక సంవత్సరం అసలు టిక్కులే తీసేశారు. ఇక జడ్జీలు పైన కుర్చీల్లో కూర్చుని మొత్తం ఎలా ఉందో చూసి మార్కులేస్తారట. అది విని నార్బర్ట్ నిజంగానే రెండు వారాలు అన్నం సహించక తిరిగాడు.

"తప్పు చూసేవాడు లేకపోతే ఒప్పుకి విలువేముంటుంది లవర్న్?"

"నీకు నేనున్నాను కదా" అంది లవర్న్.

పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషే, కానీ పిల్లలు తలుపు తడితే నాలుగో కాలు కూడా ఒప్పుకునేవాడు. వాళ్లొచ్చి "మీరు రాకపోతే ఎడమచెయ్యి ఎవరు చూస్తారు సార్?" అనడం, అతను కోటు తగిలించుకోవడం, ఇదే తంతు. చివరికి దళమే అతనికి రాజీనామా చేసింది. కార్ఖానా మూతపడింది, కుటుంబాలు చెదిరిపోయాయి, బస్సుకి డీజిలు పోయించేవాళ్లు లేరు. హార్బర్ గార్డ్స్ ఒక శరత్కాలంలో ఆగిపోయింది. డ్రమ్ములు చర్చి నేలమాళిగలో దుప్పట్ల కింద పడుకున్నాయి.

పాతికేళ్లు పోయాక, ఒక పాత సభ్యుడి అంత్యక్రియల దగ్గర ఎవరో ఆ దుప్పట్లు తియ్యమన్నారు. సమాధి పక్కన ఎనిమిదిమంది ముసలివాళ్లు స్టెంప్ నేర్పిన నడక దరువు వాయించారు. వాయించాక ఇంటికెళ్లబుద్ధి కాలేదు. అలా పాతవాళ్లతో వెటరన్ల దళం మొదలయ్యింది. ఆదివారాలు మాజీ సైనికుల లీజియన్ హాల్లో సాధన, ఏడాదికోసారి జూలై నాలుగు స్వాతంత్ర్యదినం ఊరేగింపు. బాస్ డ్రమ్ము ఎల్మర్ డ్రెక్స్‌లర్‌ది. చిన్నప్పటి నుంచి నార్బర్ట్‌కి అతను ప్రాణస్నేహితుడూ, తిట్టుకోవడానికి తోడూ. లవర్న్ భుజం నొప్పితో వాయించడం మానేసి, వెనకాల కూర్చుని అల్లికలు అల్లుతూ తప్పులు చూసేది.

ఇలా ఏళ్లు గడిచి, ఉన్నవాళ్లు సన్నగిల్లుతుంటే, బడిలో సంగీతం చెప్పే థియా లోర్చ్‌ని దళం నడపమని పిలిచారు. నలభై ఏళ్ల మనిషి, పొట్టిజుట్టు, నడుస్తూనే మాట్లాడుతుంది. మొదటి సమావేశంలోనే చెప్పింది. "మనకి స్నేర్ డ్రమ్ము వాయించేవాళ్లు ముగ్గురే మిగిలారు. బ్యూగిళ్ల చివర నిలబడ్డవాళ్లకి దరువు వినపడటం లేదు. కులిష్ గారి డ్రమ్ముకి మైకు పెడదాం. రెండో భాగం కొంచెం మారుస్తాను."

అందరూ నార్బర్ట్ వైపు తిరిగారు.

"అమ్మాయ్" అన్నాడు నార్బర్ట్, "నేను పోయాక నా శవపేటిక్కి పెట్టు మైకు. అందాకా నా చేతులు చాలు."

"ఓటు పెడదాం" అంది వెనకనుంచి లవర్న్, అల్లిక ఆపకుండా. ఓటు పెట్టారు. మైకు పెట్టాలని లేచిన మొదటి చెయ్యి లవర్న్‌దే. రెండోది ఎల్మర్‌ది. నార్బర్ట్ రాజీనామా ప్రకటించి, కారు తాళాలు లవర్న్ దగ్గరున్నాయని గుర్తొచ్చి, మిగతా సమావేశమంతా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆ వసంతంలో అతని మోకాలికి ఆపరేషన్ అయ్యింది. డ్రమ్ము తగిలించుకుని ఊరంతా నడిస్తే కొత్త మోకాలికి కూడా పాత మోకాలి గతే పడుతుందన్నాడు డాక్టరు. దాంతో నార్బర్ట్ ఊరేగింపులో ఒక బండి ఎక్కాల్సి వచ్చింది. ముందు గడ్డికోసే చిన్న ట్రాక్టరు, దానికి కట్టిన చదును బండి, బండిలో కుర్చీ, డ్రమ్ము, డ్రమ్ము అంచుకి బిగించిన మైకు, రెండు చివర్లా పెద్ద స్పీకర్లు. ట్రాక్టరు తోలేది లవర్న్.

"పెళ్లయిన ఇన్నేళ్లకి నన్ను కట్టేసి ఈడ్చుకుపోతున్నావు" అన్నాడు బండెక్కుతూ.

"ఇన్నేళ్లూ ఈడుస్తూనే ఉన్నాను. ఇవాళ ఇంజనుంది, అంతే తేడా."

వినికిడి తగ్గాక పెట్టుకున్న చెవిమిషన్లని వాయించేటప్పుడు తీసి జేబులో పెట్టుకోవడం నార్బర్ట్ అలవాటు. ఆ రోజూ అంతే చేశాడు. బండికి ముందు థియా నడుస్తోంది, బండి వెనక బ్యూగిళ్లు, వాటి వెనక మిగతా ఇద్దరు స్నేర్ డ్రమ్ములవాళ్లూ, ఎల్మరూ. పాట మొదలైంది, పాట ఆగింది. పాటకీ పాటకీ మధ్య నడక దరువు మాత్రం నడుస్తోంది. అది నార్బర్ట్‌కి నిద్రలో కూడా వచ్చేదే గనక నోరు ఖాళీగా ఉంది.

"కుడికి తిప్పు. ముందు గుంటుంది."

"నాకూ కళ్లున్నాయి" అని అరిచింది లవర్న్.

"ఉన్నాయి. గుంటమీదే ఉన్నాయి."

కాలిబాట మీద జనం గొల్లుమన్నారు. వెనకొస్తున్న విదూషకుల్ని చూసి నవ్వుతున్నారనుకున్నాడు నార్బర్ట్. బేకరీ దగ్గరికొచ్చారు.

"ఆ గళ్లచొక్కా వాడు వెర్నన్ కదూ? పోయినేడు నెత్తిమీద ఇంత జుట్టు లేదే! ఎక్కడ కొన్నాడో గానీ ఒక సైజు పెద్దదిచ్చారు పాపం."

ఆ మాట బేకరీ అద్దాలకి కొట్టుకుని, ఎదురుగా బ్యాంకు గోడకి కొట్టుకుని, వీధి చివరిదాకా వెళ్లింది. వెర్నన్ రెండు చేతులూ నెత్తిమీదికెళ్లాయి. లవర్న్‌కి అప్పుడు అర్థమైంది. వెనక్కి తిరిగి మైకు వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. మళ్లీ ముందుకి తిరిగి, ట్రాక్టరు వేగం కొంచెం తగ్గించింది.

"నార్బ్! మన కొత్త ఫాదర్ కనిపిస్తున్నాడా?"

"ఆ గొడుగు కింద నిద్రపోతున్నాడు. ఆదివారాలు ఆయన మనల్ని పడుకోబెడతాడు. ఇవాళ మన వంతు."

ఫాదర్ ఉలిక్కిపడి లేచి, అలవాటుకొద్దీ దీవించాడు. జనం ఈలలేశారు. పిల్లలు బండి వెంట పరిగెడుతున్నారు.

"ఇవాళ జనం భలే హుషారుగా ఉన్నారే" అన్నాడు నార్బర్ట్.

"అవును" అని అరిచింది లవర్న్. "మరి మన థియా ఎలా నడిపిస్తోందంటావు?"

నార్బర్ట్ దరువు తప్పకుండా ముందుకి వంగాడు. "నీకొక్కదానికే చెబుతున్నా. ఎక్కడా అనకు. ఆ రెండో భాగం మార్చింది చూశావూ, అది పాతదానికంటే బాగుంది. స్టెంప్ ఉంటే ఆయనా ఒప్పుకునేవాడు. కానీ ఆ పిల్లకి నేను చచ్చినా చెప్పను."

ముందు నడుస్తున్న థియా చేతులు ఒక్క క్షణం గాల్లో ఆగాయి. ఆమె వెనక్కి తిరగలేదు గానీ, మెడ వెనకభాగం ఎర్రబడింది.

లవర్న్ గొంతు ఇంకా పెంచింది. ట్రాక్టరు ఇప్పుడు దాదాపు నిలబడిపోయినట్టే నడుస్తోంది. "సరే గానీ నార్బ్, బాస్ డ్రమ్ము సంగతేంటి?"

"ఎల్మర్‌గాడిదా? వాడు పొట్టకి డ్రమ్ము కట్టాడో డ్రమ్ముకి పొట్ట కట్టాడో తెలీదు. దెబ్బ మాత్రం రోజూ అరగంట లేటు." నార్బర్ట్ నవ్వాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. తగ్గించినా మైకు వదల్లేదు. "బాస్ డ్రమ్మంటే నీదే లవర్న్. మా దళంలో గానీ, నేను విన్న ఏ దళంలో గానీ, నీలా లయ పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు మైదానంలో మీ దళం వాయిస్తుంటే పక్కన నిలబడి విన్నాను. మొదటి బహుమతి మీదే అవ్వాలి. నా బూటు ఊడకపోయినా సరే, మీదే."

ట్రాక్టరు ఆగిపోయింది. వెనక బ్యూగిళ్లు ఒకదానికొకటి గుద్దుకుని ఆగాయి. అంతలో ఎవరో ఒక ముసలమ్మ చప్పట్లు మొదలెట్టింది. అవి వీధి రెండువైపులా అంటుకున్నాయి.

"ఏమయ్యింది? గుంటలో పడ్డామా?" అన్నాడు నార్బర్ట్.

లవర్న్ ముంజేత్తో కళ్లు తుడుచుకుని, గేరు వేసింది.

సరస్సు ఒడ్డున పార్కు చేరాక గానీ నార్బర్ట్‌కి సంగతి తెలియలేదు. ఎల్మర్ రొప్పుతూ వచ్చి, డ్రమ్ము విప్పకుండానే నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నార్బర్ట్ చెవిమిషన్లు పెట్టుకునేదాకా ఆగి అడిగాడు. "ఒరే, పొట్టకి డ్రమ్మా, డ్రమ్ముకి పొట్టా? ఇప్పుడు దగ్గర్నుంచి చూసి చెప్పు."

నార్బర్ట్ మైకుని చూశాడు. స్పీకర్లని చూశాడు. అతని ముఖంలోంచి రంగు మెల్లగా కిందికి దిగిపోయింది. "లవర్న్... నీకెప్పుడు తెలిసింది?"

"బేకరీ దగ్గర."

"మరి చెప్పలేదేం?"

"యాభై ఏళ్లుగా ఒక్క మాట కోసం చూస్తున్నదాన్ని, వచ్చేదాన్ని మధ్యలో ఆపుతానా?" అంది లవర్న్. "వెర్నన్‌కి మాత్రం నువ్వే సారీ చెప్పుకో."

వారం రోజులు నార్బర్ట్ ఇంట్లోంచి కదల్లేదు. శుక్రవారం సాయంత్రం ఊరంతా హోటల్లో కలిసి తినే చేపలవేపుడుకి కూడా రానన్నాడు. శుక్రవారం చేపలు తినని బ్రిగ్స్ హార్బర్ మనిషంటే జబ్బు ముదిరినట్టే లెక్క. మరుసటి శుక్రవారం లవర్న్ కోటు అందించి, "పద. నువ్వు రాకపోతే అందరూ నీ గురించే మాట్లాడతారు. వస్తే కనీసం చేపల గురించి కూడా మాట్లాడతారు" అంది.

తలుపు తియ్యగానే ఎవరో "మైకొచ్చింది!" అని అరిచారు. హోటలంతా నవ్వింది. వెర్నన్ ఏకంగా లేచి, నెత్తిమీది జుట్టు ఊడదీసి, టోపీలా ఊపి కూర్చున్నాడు. ఎల్మర్ పక్కకి జరిగి చోటిచ్చాడు. నార్బర్ట్ తాబేలులా ముడుచుకుని కూర్చున్నాడు గానీ, రెండో చేపముక్కకి భుజాలు వదులయ్యాయి. మూడోదానికి ఫాదర్ గురించి ఇంకో జోకు వేశాడు. ఫాదర్ వెనక బల్ల దగ్గరే ఉన్నాడు.

అప్పుడు థియా లోర్చ్ వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఎవరినీ అడగలేదు. "కులిష్ గారూ, మైకు వద్దంటే తీసేస్తాను."

నార్బర్ట్ చేపమీద నిమ్మచెక్కని ఆఖరి చుక్కదాకా పిండాడు. "ఉండనీ. కానీ మీట నా చేతిలో ఉండాలి."

"నా చేతిలో" అంది లవర్న్.

"నా చేతిలోనే ఉండాలి" అంది థియా నవ్వుతూ. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఒకటడగనా? రెండో భాగంలో మీకేది నచ్చింది? నిజంగా తెలుసుకోవాలనుంది. బడిలో పిల్లలకి చెప్పాలి" అంది.

నార్బర్ట్ అటూ ఇటూ చూశాడు. తప్పించుకోవడానికి దారి లేదు. అతను ఎల్మర్ పళ్లెం పక్కకి నెట్టి, రెండు ఫోర్కులు తీసుకుని, వాటి బరువు చూసుకున్నాడు. "ఇదిగో, ఇక్కడ నువ్వు ఒక దెబ్బ తీసేశావు చూడు" అని బల్ల అంచుమీద మొదలెట్టాడు. లవర్న్ అరచేత్తో బల్లమీద బాస్ దరువు అందుకుంది. థియా మోచేతులు బల్లమీద ఆన్చి వంగింది. వంటవాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ సాయంత్రం చాలామంది పళ్లేల్లో చేపలు చల్లారిపోయాయి.